వీడియో మీటింగులో అలసట తెచ్చేది ఏ సెట్టింగు?

వీడియో మీటింగులో కెమెరా పెట్టుకోవాలా, తీసేయాలా అన్న వాదన 2020 నుంచి ఆఫీసుల్లో ఆగలేదు. ముఖం కనబడకపోతే మనిషి వింటున్నాడో లేదో ఎలా తెలుస్తుందని మేనేజర్లు అడుగుతారు. రోజుకు ఐదారు మీటింగులు కెమెరా ముందు కూర్చుంటే సాయంత్రానికి బుర్ర పనిచేయడం లేదని ఉద్యోగులు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఈ వాదనలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయి. నా బొమ్మ ఎదుటివాళ్లకు వెళ్తోందా అన్నది ఒకటి. నా తెర మీద నాకు ఏమి కనబడుతోంది అన్నది మరొకటి. మొదటిదాన్ని ఆఫీసు నిర్ణయించవచ్చు. రెండోదాన్ని ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరికి వారు మార్చుకోవచ్చు. మార్చిన సంగతి ఎదుటివాళ్లకు తెలియదు కూడా. అయినా తగువంతా మొదటిదాని మీదే నడుస్తుంది. రెండోదాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎలా పెట్టి ఇస్తే అలాగే ఉంచేస్తాం. నా దృష్టిలో నష్టం అక్కడే జరుగుతోంది.

జూమ్ మీటింగుల్లో పాల్గొనేవారి సంఖ్య 2019 డిసెంబరులో రోజుకు సుమారు కోటి. 2020 ఏప్రిల్ నాటికి అది 30 కోట్లయింది. ఒకే మనిషి నాలుగు మీటింగుల్లో చేరితే నాలుగుగా లెక్కించిన అంకె ఇది. అయినా ఆ పెరుగుదల అసాధారణమే. అంతమంది అంత తొందరగా ఒక పనిముట్టుకు అలవాటు పడినప్పుడు, అది మొదటిరోజు ఎలా కనబడిందో అదే దాని సహజరూపం అనిపిస్తుంది. మన ముఖం ఒక గడిలో, మిగతావారి ముఖాలు మిగతా గడుల్లో, అందరూ మనవైపే చూస్తూ. హైదరాబాద్‌లో అమెరికా బృందాలతో కలిసి పనిచేసేవారికి ఇది పగటితో ముగియదు, భోజనాల వేళ దాటాక కూడా అదే తెర ముందు కూర్చోవాలి. జూమ్ అధిపతి ఎరిక్ యువాన్ కూడా 2021లో, ఒక రోజు వరుసగా 19 మీటింగుల్లో కూర్చున్నానని, ఆ అలసట తనకూ తెలుసని బహిరంగంగా చెప్పారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్‌ను స్థాపించిన జెరెమీ బెయిలెన్సన్ 2021 ఫిబ్రవరిలో ఒక వ్యాసం ప్రచురించారు. ఈ అలసటకు నాలుగు కారణాలు ఉండవచ్చని అందులో రాశారు. మరీ దగ్గరగా, మరీ ఎక్కువసేపు కళ్లలోకి చూడటం. తన ముఖం తానే చూసుకుంటూ ఉండటం. కెమెరా పరిధి దాటకుండా కదలక కూర్చోవడం. తలూపడం, చేయెత్తడం లాంటి సైగలను పనిగట్టుకుని చేయవలసి రావడం, పనిగట్టుకుని గమనించవలసి రావడం. ఇది సిద్ధాంతపరమైన వాదన మాత్రమేనని ఆయన శీర్షికలోనే పెట్టారు. తర్వాత జరిగిన ప్రయోగాలు అందులో కొంత భాగాన్ని బలపరిచాయి, కొంత భాగాన్ని ఇంకా జటిలం చేశాయి. మొదటి రెండు కారణాలూ నేరుగా తెర అమరికకు సంబంధించినవి.

తన ముఖం తనకు

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఎవరి ముఖం వారికి కనబడదు. మాటల చరిత్ర అంతా అలాగే సాగింది. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపించి, 1970లో పిట్స్‌బర్గ్‌లో వినియోగంలోకి తెచ్చిన పిక్చర్‌ఫోన్ అనే వీడియో ఫోనులో సైతం తన బొమ్మ చూసుకునే వీలు ఉండేది. కానీ అది కావాలనుకున్నప్పుడు మీట నొక్కి చూసుకోవలసినది. జుట్టు సరిగా ఉందా, బొమ్మ మధ్యలోకి వచ్చిందా అని చూసుకుని వదిలేసేవారు. ఇప్పటి ప్రోగ్రాముల్లో ఇది తలకిందులైంది. మొదటి క్షణం నుంచి చివరిదాకా మన బొమ్మ తెర మీదే ఉంటుంది, దాన్ని తీసేయాలంటేనే మీట వెతుక్కోవాలి. ఆఫీసులో రోజంతా ఒకరు అద్దం పట్టుకుని మన వెంట తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోమని బెయిలెన్సన్ అన్నారు.

అద్దం మనిషికి ఏమి చేస్తుందన్నది మనస్తత్వ శాస్త్రంలో పాత ప్రశ్న. షెల్లీ డువాల్, రాబర్ట్ విక్లండ్ 1972లో దీని మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అద్దమో, కెమెరాయో ఎదురుగా ఉన్నప్పుడు ధ్యాస బయటి ప్రపంచం నుంచి తనవైపు మళ్లుతుంది. మళ్లగానే మనిషి తాను ఉన్న తీరును, ఉండాలనుకున్న తీరుతో పోల్చుకోవడం మొదలుపెడతాడు. ఆ పోలికలో సాధారణంగా లోటే కనబడుతుంది, మనసు చిన్నబుచ్చుకుంటుంది. అద్దం ముందు నిమిషం నిలబడితే అది నిమిషం బాధ. గంట మీటింగులో అది గంటసేపు అడుగున నడుస్తూనే ఉంటుంది.

ఆ పోలికకు పట్టే ధ్యాస ఎక్కడి నుంచి వస్తుంది? వింటున్న మాట నుంచే రావాలి. అందుకే ఇది మనసుకు సంబంధించిన బాధగా మాత్రమే మిగలదు, పని మీద కూడా పడుతుంది. హాసెల్, కాటన్ అనే పరిశోధకులు 2017లో, అంటే మహమ్మారికి ముందే, వీడియో ద్వారా కలిసి పనిచేసే బృందాలను పరీక్షించారు. తమ బొమ్మ తమకు కనబడే అమరికలో బృందాల పనితీరు తగ్గినట్టు గమనించారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఆన్‌లైన్ సంభాషణ జరుగుతుండగా కళ్లు ఎటు తిరుగుతున్నాయో పరికరంతో కొలిచారు. ఎదుటి మనిషిని వదిలి తమ బొమ్మ వైపు ఎక్కువగా చూసినవారి మనఃస్థితి సంభాషణ ముగిశాక మిగతావారికన్నా దిగువన ఉంది.

స్త్రీల విషయానికి వస్తే చిక్కు పెరుగుతుంది. బెయిలెన్సన్ సహచరులు, జెరల్డిన్ ఫోవిల్ నాయకత్వంలో, ఈ అలసటను కొలవడానికి 15 ప్రశ్నల కొలమానం తయారుచేసి 10 వేల మందికి పైగా అడిగారు. వీడియో మీటింగుల తర్వాత చాలా ఎక్కువ అలసట ఉందని చెప్పినవారు స్త్రీలలో ప్రతి ఏడుగురిలో ఒకరు. పురుషులలో ప్రతి ఇరవైమందిలో ఒకరు. ఈ తేడాకు తన బొమ్మను చూసుకోవడం వల్ల కలిగే ఆందోళన ముఖ్య కారణమని వారి విశ్లేషణలో తేలింది. తర్వాత ఐర్లండ్‌లోని గాల్వే విశ్వవిద్యాలయంలో 16 మంది స్త్రీలు, 16 మంది పురుషుల తలలకు మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీ పరికరం తొడిగి, మీటింగు మధ్యలో సొంత బొమ్మను కాసేపు ఉంచి, కాసేపు తీసేసి మెదడు తరంగాలు నమోదు చేశారు. బొమ్మ ఉన్నప్పుడు మానసిక అలసట సంకేతాలు పెరిగాయి. అయితే స్త్రీ పురుషుల మధ్య తేడా కనబడలేదు.

ఇవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని నేను అనుకోను. గాల్వే ప్రయోగం ఒక్క మీటింగులో మెదడు పడే శ్రమను కొలిచింది, అందులో పాల్గొన్నదీ 32 మందే. సర్వే మాత్రం వారాల తరబడి పోగైన అనుభవాన్ని అడిగింది. ముఖం ఎలా ఉంది, జుట్టు ఎలా ఉంది, వెనక ఇల్లు సర్ది ఉందా అన్న తీర్పులను ఆఫీసులోనూ ఇంట్లోనూ స్త్రీలే ఎక్కువగా ఎదుర్కొంటారు. ఒకే బొమ్మ ఇద్దరి మెదడునూ సమానంగా శ్రమపెట్టినా, ఆ బొమ్మతో పాటు వచ్చే బరువు ఇద్దరికీ సమానం కాదు. పురుషులకు ఇది సమస్యే కాదని కొట్టిపారేసేవారికి గాల్వే ఫలితం జవాబు చెబుతుంది. అందరికీ ఒకటే కదా అనేవారికి సర్వే జవాబు చెబుతుంది.

సొంత బొమ్మ గురించే ఇంకో చిన్న సంగతి. జూమ్ మన బొమ్మను మనకు అద్దంలోలాగా కుడి ఎడమలు మార్చి చూపిస్తుంది, ఎదుటివాళ్లకు మామూలుగానే పంపుతుంది. 1977లో విస్కాన్సిన్‌లో జరిగిన ఒక ప్రయోగంలో విద్యార్థినులు తమ ఫొటోల్లో అద్దంలో కనబడే రూపాన్నే ఎక్కువగా ఇష్టపడ్డారు, వారి స్నేహితులు అసలు రూపాన్ని ఇష్టపడ్డారు. ఎవరికి అలవాటైన ముఖం వారికి నచ్చింది. ఈ మార్పిడిని ఆపేసి చూస్తే చాలామందికి తమ ముఖం వంకరగా అనిపించడానికి కారణం ఇదే. ముఖంలో లోపం ఉండి కాదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ కున్ 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సొంత బొమ్మ అందరినీ ఒకేలా బాధించదు. నలుగురిలో ఎలా కనబడుతున్నానన్న ధ్యాస సహజంగానే ఎక్కువగా ఉన్నవారికి అది మీటింగుల మీదే విముఖత తెస్తోంది, ఆ ధ్యాస తక్కువగా ఉన్నవారికి అలాంటి ఇబ్బంది లేదు. సైగల భాషలో మాట్లాడే బధిరులకు చేతులు కెమెరా పరిధిలో ఉన్నాయో లేదో చూసుకోవడం అవసరం. బల్ల మీద ప్రయోగం చేసి చూపించే ఉపాధ్యాయులకూ అంతే. అందుకే సొంత బొమ్మను పూర్తిగా ఎత్తేయాలని ఎవరూ అడగనక్కర్లేదు. అవసరమైనవారు తెరుచుకునేలా ఉంటే చాలు.

ఎదుటివారి ముఖం ఎంత పెద్దగా ఉంది

మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1960లలో మనుషుల మధ్య దూరాలను పరిశీలించారు. ఆయన గమనించిన అమెరికన్లలో సుమారు 45 సెంటీమీటర్ల లోపు దూరం అత్యంత ఆత్మీయులకే పరిమితం. ఆ దూరంలో కొత్త మనిషి ముఖం కనబడితే ఒళ్లు దానంతట అదే అప్రమత్తమవుతుంది. ఈ కొలతలు సంస్కృతిని బట్టి మారతాయి. అయినా క్లయింటు ముఖం అరచేయి దూరంలో ఉండాలని మనలో కూడా ఎవరూ కోరుకోరు.

తెర మీద బొమ్మకు దూరం ఎలా వస్తుంది? సులువైన లెక్క ఉంది. మనిషి తల ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లు. 27 అంగుళాల మానిటర్ ఎత్తు దాదాపు 33 సెంటీమీటర్లు. ఇద్దరే ఉన్న కాల్‌లో ఎదుటివారు కెమెరాకు దగ్గరగా కూర్చుంటే వారి తల తెర ఎత్తులో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది, అంటే అసలు తలంత ఉంటుంది. మీరు ఆ మానిటర్‌కు అర మీటరు దూరంలో కూర్చుంటే, కంటికి ఆ మనిషి అర మీటరు దూరంలో ఉన్నట్టే. అదే విండోను సగం ఎత్తుకు తగ్గిస్తే ముఖం 11 సెంటీమీటర్లవుతుంది, మనిషి మీటరు అవతలికి జరుగుతాడు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీద పూర్తి తెర పెట్టినా లెక్క దాదాపు మీటరుకే వస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవారు సౌకర్యం కోసం పెద్ద మానిటర్ కొనుక్కుని, మీటింగును దాని మీద నిండుగా తెరిచి, తెలియకుండానే అందరినీ తమ మీదికి తెచ్చుకుంటున్నారు. మానిటర్ పెద్దదే ఉంచుకోండి, మీటింగు విండోను మాత్రం చిన్నది చేయండి.

అందరినీ సమానమైన గడుల్లో చూపించే గ్యాలరీ వ్యూలో ముఖాలు చిన్నవవుతాయి కాబట్టి ఈ ఇబ్బంది తగ్గుతుంది. బదులుగా ఇంకొకటి వస్తుంది. గదిలో పదిమంది కూర్చుంటే చూపులు మాట్లాడేవారి మీద ఉంటాయి, వినేవారు కొంత సేపు నోట్సులోకి, కిటికీలోకి, పక్కవారి వైపు చూస్తారు. పాతికమంది ఉన్న గ్యాలరీలో నోరు మెదపనివారికి కూడా ఇరవై నాలుగు జతల కళ్లు సూటిగా తమనే చూస్తున్నట్టు ఉంటుంది. జూమ్, మైక్రోసాఫ్ట్ వారి టీమ్స్ రెండూ ఒకే తెర మీద 49 ముఖాల దాకా చూపించగలవు. అన్ని చూపించగలగడం సాంకేతికంగా గొప్పే, అవసరమా అన్నది వేరు. మైక్రోసాఫ్ట్ 2020 జులైలో టుగెదర్ మోడ్ అనే అమరిక తెచ్చింది. గడులు తీసేసి, అందరినీ ఒకే హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టినట్టు చూపించేలా దాన్ని చేశారు. గడులతో పోలిస్తే మెదడు మీద శ్రమ తగ్గుతోందని ఆ కంపెనీ తన ఈఈజీ పరీక్షల ఆధారంగా ప్రకటించింది. తయారుచేసినవారే చెప్పిన మాట కాబట్టి దానికి ఇవ్వవలసినంత విలువే ఇవ్వాలి.

నలుగురైదుగురు కలిసి చర్చించే చోట గ్యాలరీ మంచిది, ఎవరు మాట్లాడబోతున్నారో ముఖాల్లో తెలుస్తుంది. ఒకరు చెప్పి ముప్ఫైమంది వినే చోట, మాట్లాడేవారినే పెద్దగా చూపించే స్పీకర్ వ్యూ చాలు. అందులోనూ, ఎవరి ఇంట్లోనో కుక్క మొరిగినప్పుడల్లా ముఖం మారిపోకుండా మాట్లాడేవారిని పిన్ చేసుకోవాలి, అంటే వారి బొమ్మను తెర మీద కదలకుండా నిలుపుకోవాలి.

పని ఫలితం సంగతి

ముఖాలు కనబడితే పని బాగా జరుగుతుందన్నది కెమెరా నియమాల వెనక ఉన్న నమ్మకం. దీన్ని ప్రయోగాలు అంతగా సమర్థించడం లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన మరియా టోంప్రౌ బృందం 2021లో 99 జంటలను వేర్వేరు చోట్ల కూర్చోబెట్టి కలిసి సమస్యలు పరిష్కరించమంది. కొన్ని జంటలకు వీడియో ఉంది, కొన్నిటికి స్వరం మాత్రమే. కలిసి చూపిన తెలివిలో వీడియో జంటలు మెరుగ్గా ఏమీ లేవు. పైగా వీడియో లేనివారిలో స్వరాల లయ బాగా కలిసింది, మాట్లాడే వంతులు ఎక్కువ సమానంగా పంచుకున్నారు. బొమ్మ చూస్తూ చెవి పనిని తగ్గించుకుంటున్నామన్నమాట. ఫోనులో గంటల తరబడి మాట్లాడుకున్న తరం ఇది విని ఆశ్చర్యపోదు.

మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ 2022లో నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఇంకా నిర్దిష్టంగా చూపు గురించి చెబుతుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒక మామూలు వస్తువుకు కొత్త ఉపయోగాలు ఆలోచించమన్నారు. సగం జంటలు ఒకే గదిలో, సగం వీడియోలో. వీడియో జంటలకు తక్కువ ఆలోచనలు వచ్చాయి. వాళ్లు ఎదుటివారి ముఖాన్నే ఎక్కువసేపు చూశారు, గదిలో అటూ ఇటూ చూసింది తక్కువ, గదిలో ఉన్న వస్తువులు గుర్తున్నదీ తక్కువే. చూపు తెరకు అతుక్కుంటే ఆలోచన కూడా ఇరుకవుతుందని పరిశోధకుల వివరణ. యూరప్, మధ్యప్రాచ్యం, దక్షిణాసియాలకు చెందిన ఐదు దేశాల్లో ఒక కంపెనీ ఇంజనీర్లతో చేసినప్పుడూ ఆలోచనల విషయంలో ఇదే ఫలితం వచ్చింది. వచ్చిన ఆలోచనల్లో మంచిదాన్ని ఎంచుకునే పనిలో మాత్రం వీడియో జంటలు వెనకబడలేదు. నిర్ణయాలు తీసుకునే మీటింగుకూ కొత్త ఆలోచనలు వెతికే మీటింగుకూ ఒకే అమరిక పనికిరాదని దీని నుంచి అర్థమవుతోంది. రెండో రకానికి కాసేపు వీడియో ఆపేసి, లేచి నడుస్తూ మాట్లాడుకోవడం మేలు.

కెమెరా నియమాన్ని నేరుగా పరీక్షించినది క్రిస్టెన్ షాక్లీ, అలిసన్ గాబ్రియేల్ బృందం. 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు పరిశీలించారు. సగంమంది మొదటి రెండు వారాలు కెమెరా పెట్టుకుని, తర్వాతి రెండు వారాలు తీసేసి పనిచేశారు, మిగతావారు దానికి తిరగేసి. అలసటకు మీటింగుల గంటలకన్నా కెమెరా వాడకమే ఎక్కువ సంబంధం చూపింది. ఆ అలసట వల్ల మీటింగులో మనసు పెట్టడం, నోరు విప్పి అభిప్రాయం చెప్పడం తగ్గాయి. ఏ ఉద్దేశంతో కెమెరా పెట్టమంటున్నారో దానికే గండి పడిందన్నమాట. కెమెరా పెట్టుకున్నప్పుడు ఇతరులు చూడటం, తనను తాను చూసుకోవడం రెండూ కలిసే వస్తాయి. ఈ ప్రయోగం వాటిని విడదీయలేదు. గాల్వే ఈఈజీ ఫలితంతో కలిపి చూస్తే, కనీసం రెండో సగాన్ని ఎవరికీ నష్టం లేకుండా తీసేయవచ్చని తెలుస్తుంది.

ఇంటర్వ్యూలకు వెళ్లేవారికి ఉపయోగపడేది ఇంకొకటి. తెరలో ముఖం వైపు చూస్తే కెమెరా వైపు చూడలేం, కెమెరా వైపు చూస్తే ముఖం కనబడదు. అందుకే వీడియోలో చూపులు కలవవు. స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ 2002లో దీన్ని కొలిచారు. ఎదుటి మనిషి చూపు పైకో పక్కకో కొద్దిగా తప్పినా వెంటనే పట్టేస్తాం, కిందికి తప్పితే అంత సులువుగా గుర్తించలేం. కాబట్టి మీటింగు విండోను చిన్నది చేసి, తెర పైఅంచుకు, సరిగ్గా కెమెరా కిందికి జరిపితే చాలు, కళ్లలోకి చూస్తున్నట్టే కనబడతారు. ముఖం మరీ దగ్గరికి రావడమనే ఇబ్బంది కూడా దీనితోనే తీరుతుంది. పక్క మానిటర్ మీద మీటింగు తెరిచి మాట్లాడేవారు ఎంత శ్రద్ధగా విన్నా ఎటో చూస్తున్నట్టే కనబడతారు. పాపం, ఆ చిన్న కారణంతో వారి మీద అన్యాయమైన అభిప్రాయం ఏర్పడుతుంది.

ఇదంతా 2020 నాటి భయమేనా, ఇప్పుడు అలవాటైపోలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మహమ్మారి తర్వాత 125 మంది ఉద్యోగుల 945 మీటింగులను పరిశీలించారు. వీడియో మీటింగులు మిగతా మీటింగులకన్నా ఎక్కువ అలసట తేవడం లేదని, 44 నిమిషాల లోపు ముగిసినవైతే తక్కువ అలసట తెస్తున్నాయని తేల్చారు. ఇల్లు కదలలేని రోజుల్లో తెర మీద పడ్డ నిందలో కొంత ఆ రోజులదే అయి ఉండాలి. ఈ ఫలితాన్ని నేను సంతోషంగానే స్వీకరిస్తాను. కానీ సగటున ఇబ్బంది తగ్గిందంటే అందరికీ తగ్గినట్టు కాదు. నలుగురిలో ఎలా కనబడతానోనని కుంచించుకుపోయే మనిషికి, రోజుకు ఐదు మీటింగులున్న మనిషికి, సొంత బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది.

తీసేయడం కష్టం కాదు. జూమ్‌లో మన గడి మీద మూడు చుక్కలు నొక్కితే సెల్ఫ్ వ్యూను, అంటే సొంత బొమ్మను, దాచే మాట కనబడుతుంది. టీమ్స్‌లో, గూగుల్ మీట్‌లో కూడా అలాంటిదే ఉంది. బొమ్మ ఇతరులకు వెళ్తూనే ఉంటుంది. బొమ్మ కనబడకపోతే కెమెరా నడుస్తున్న సంగతి మరిచిపోతామేమో అనే జంకు సహజమే. మొదట ఒకసారి వెలుతురు, వెనక గోడ చూసుకుని తర్వాత దాచేసి, కెమెరా పక్కన వెలిగే చిన్న దీపాన్ని గుర్తుగా పెట్టుకుంటే ఆ జంకు పోతుంది. అయినా ఈ భారాన్ని కోట్లమంది ఒక్కొక్కరుగా మోయడం ఏమిటి? మీటింగు మొదలైన కొన్ని క్షణాలకు సొంత బొమ్మ దానంతట అదే తప్పుకుని, కెమెరా నడుస్తోందని తెలిపే ఒక గుర్తు మాత్రం మిగిలేలా కంపెనీలు డిఫాల్ట్‌ను, అంటే తాము ముందే పెట్టి ఇచ్చే అమరికను, మార్చాలి. ఆఫీసులు కెమెరా నియమం రాసేటప్పుడు, ఏ మీటింగుకు ముఖాలు నిజంగా అవసరమో రాసి, మిగతావాటిని ఎవరికి వారికి వదిలేయాలి. షాక్లీ ప్రయోగంలో కెమెరా వల్ల ఎక్కువ అలసిపోయినవారు స్త్రీలు, కొత్తగా చేరిన ఉద్యోగులు. కొత్తవారికి ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ ఇచ్చే రోజునే ఆ మూడు చుక్కలు ఎక్కడున్నాయో కూడా చూపించాలి, తీసేసుకోమని మేనేజరే స్వయంగా చెప్పాలి.